రెజీనా యోనాస్: పట్టా అందుకున్న తొలి మహిళా రబ్బీ
రబ్బీ అంటే పూజారి కాదు, యూదు ధర్మశాస్త్రం చదివి తీర్పు చెప్పగల పండితుడు. ఆ పట్టా ఆడవాళ్లకు ఇవ్వొచ్చా అన్న ప్రశ్న మీదే 1930లో బెర్లిన్‌లో రెజీనా యోనాస్ సిద్ధాంత వ్యాసం రాశారు. యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముడ్ వాక్యాలతోనే ‘ఇవ్వొచ్చు’ అని తేల్చడం దాని అసలు బలం. వ్యాసం నెగ్గింది, పట్టా రాలేదు. పర్యవేక్షించిన ఎడ్వర్డ్ బానెత్ చనిపోయారు, మిగతా అధ్యాపకులు ముందుకు రాలేదు. చేతికొచ్చింది బోధకురాలి సర్టిఫికెట్టే. బడుల్లో ఆడపిల్లలకు మతపాఠాలు చెబుతూ ఐదేళ్లు నిలబడ్డారు, ఎంత ఓర్పో! చివరికి 1935 డిసెంబరు 27న జర్మనీలోని ఆఫెన్‌బాఖ్ పట్టణ రబ్బీ మాక్స్ డీనెమన్ పరీక్షించి పట్టా ఇచ్చారు.

1942లో నాజీలు ఆమెను తెరెజీన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. అక్కడా బోధన ఆపలేదు. ఆమె ఉపన్యాసాల చేతిరాత జాబితా మిగిలింది, 24 శీర్షికలు. 1944లో ఆష్విట్జ్ మరణ శిబిరంలో ఆమెను చంపేశారు.