కింద పెట్టు

పోయిన నెల సెలవు మీద పలమనేరు దగ్గర మా ఊరికి వెళ్ళాను. నేను చేసిన కత్తి ఒకటి చెకిన్ బ్యాగులో బట్టల మధ్య భద్రంగా చుట్టి తీసుకెళ్ళాను. మా నాయనకు చూపించాలని ఆరేళ్ళుగా అనుకుంటున్నది. కాఫీ తాగాక బ్యాగు తెరిచి, తోలు ఒరతో సహా ఆయన చేతికి ఇవ్వబోయాను. ఆయన చెయ్యి చాపలేదు.

"చేతికిస్తావేందిరా? కింద పెట్టు."

అరుగు మీద పెట్టాను. ఆయన వంగి తీసుకుని, కళ్ళకద్దుకుని, అప్పుడు ఒరలోంచి లాగాడు. గొంతులో కోపం ఏమీ లేదు. కానీ నలభై ఒకటేళ్ళ వయసులో ఆ మాట వినాల్సి రావడం నాకు తల కొట్టేసినట్టయింది.

మా నాయన యాభై ఏళ్ళు కొలిమి ముందు కూర్చున్న మనిషి. కొడవళ్ళు, మచ్చుకత్తులు, గొడ్డళ్ళు, కర్రులు ఎన్ని చేశాడో లెక్కలేదు. ఒక్కటి కూడా రైతు చేతికి ఇవ్వగా నేను చూడలేదు. సాన పట్టి, గుడ్డతో తుడిచి, ఇనుము సాగగొట్టే దాగలి పక్కన పెట్టేవాడు. రైతే తీసుకునేవాడు. ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి, అంత చిన్న విషయం మరిచిపోయానని నాయన అనుకుని ఉంటాడు. నేను మరిచిపోలేదు. నాతో మాన్పించారు. ఆ సంగతి ఆయనకు చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

నేను ఉండేది కెనడాలో, కాల్గరీ పక్కన. తిరుపతిలో మెకానికల్ డిప్లొమా చేసి, మెషినిస్టు పని మీద 2018లో వెళ్ళాను. ఆ కంపెనీ మనుషుల్ని తగ్గించినప్పుడు, వేట కత్తులు చేసే చిన్న వర్క్‌షాపులో చేరాను. మేం నలుగురం. మడత కత్తులు చేయం. అన్నీ ఫిక్సెడ్ బ్లేడ్, అంటే మడవలేనివి. మావి కొన నుంచి పిడి చివరి దాకా ఒకే ఉక్కు ముక్క. రెండు పక్కలా చెక్కో కొమ్మో పెట్టి రివెట్లు కొడతాం.

చేరిన మొదటి నెలలో ఒకాయన తన కత్తి తీసుకుపోవడానికి వచ్చాడు. నేను దాన్ని తుడిచి ఆయన ముందు బల్ల మీద పెట్టి ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన వెళ్ళిపోయాక మా ఓనరు అందరి ముందూ అన్నాడు: "ఏడు నెలలు ఎదురుచూసి, ఆరువందల డాలర్లు ఇచ్చిన మనిషి ముందు పానా పడేసినట్టు పడేస్తావా?"

నేను పడేయలేదు. పెట్టాను. ఆ రెండు మాటల తేడా ఇంగ్లీషులో చెప్పేంత ధైర్యం ఆ రోజు నాకు లేదు. మా వైపు కత్తి చేతికివ్వం అని మాత్రం అన్నాను. అలాంటి మూఢనమ్మకాలు ఇంటి దగ్గర ఉంచుకొమ్మన్నాడు.

న్యాయంగా చెప్పాలంటే, పని విషయంలో ఆయన మాట తప్పు కాదు. ఆ కత్తి ఆ ఒక్క మనిషి కోసమే పుడుతుంది. ముందు ఆయన అరచెయ్యి వెడల్పు కొలుస్తాం. మంచులో గ్లౌజు వేసుకుంటాడా, ఎడమచేతి వాటమా అని అడుగుతాం. కాగితం మీద గీసి, అట్టముక్క కత్తిరించి, ఆ అట్టను ఆయన చేతిలో పెట్టి చూస్తాం. బ్లేడు నాలుగు అంగుళాలకు మించదు. వేటలో పెద్ద కత్తి పనికిరాదు. అసలు పని జంతువు పడిన తర్వాతే, తోలు ఒలవడంలో ఉంటుంది. అందుకే వెన్ను కొన దగ్గరికి వచ్చేసరికి కిందికి వాలేలా చేస్తాం. దాన్ని డ్రాప్ పాయింట్ అంటారు. కొన అలా దిగి ఉంటే పొట్ట చీల్చేటప్పుడు పేగులకు గుచ్చుకోదు, మాంసం పాడవదు. బాబ్ లవ్‌లెస్ అనే అమెరికన్ వల్ల ఈ రూపం అందరికీ అలవాటైంది. ఇంత లెక్క చూసి చేసిన పిడి సరిగ్గా కుదిరిందో లేదో అరచేతిలో పడ్డ మొదటి క్షణంలోనే తెలుస్తుంది. ఓనరు చెప్పింది ఆ క్షణం గురించే. దానికి నేను ఒప్పుకుంటాను. ఆ వారం నుంచే కత్తిని అడ్డంగా పట్టుకుని, పిడి వాళ్ళ వైపు తిప్పి, చేతిలోనే పెట్టడం నేర్చుకున్నాను.

ఇప్పటికీ నన్ను గుచ్చేది వేరే ఉంది. మా షాపులో కిటికీ దగ్గర ఒక గాజు సీసా ఉంటుంది. దాని నిండా పాత రాగిరంగు ఒక సెంటు నాణేలు. కెనడాలో వాటిని 2012లో ముద్రించడం ఆపేశారు, 2013 నుంచి బ్యాంకులకు పంపడమూ మానేశారు. మా దగ్గర మాత్రం వాటికి ఇంకా పని ఉంది. ఎవరైనా కొడుక్కో స్నేహితుడికో కానుకగా ఇవ్వడానికి కత్తి చేయించుకుంటే, ఓనరు తానే ఒక సెంటు తీసి ఒరతో పాటు పెడతాడు. అందుకున్నవాడు ఆ సెంటు తిరిగి ఇచ్చేయాలి. అప్పుడది కొనుక్కున్నట్టు లెక్క. ఉత్తినే కత్తి ఇస్తే చుట్టరికం తెగిపోతుందట.

మొదటిసారి అది చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. కత్తి మనుషుల మధ్య తెంపులు తెస్తుందని మా అవ్వ నమ్మింది, వీళ్ళ అవ్వా నమ్మింది. మరి వాళ్ళది సంప్రదాయం, నాది మూఢనమ్మకం ఎట్లా అయింది? ఆరేళ్ళుగా ఆ సీసా పక్కనే పని చేస్తున్నాను. ఒక్కసారి కూడా అడగలేదు. జీతం ఇచ్చే మనిషి, మంచివాడు, మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు అడగకుండానే మూడు వారాలు సెలవిచ్చినవాడు. అడగడానికి నోరు రాలేదు. కానీ మింగినది లోపలే ఉండిపోతుంది.

అదే షాపులో మన మాట ఒకదాన్ని మాత్రం ఎంతో గౌరవంగా పలుకుతారు. బ్లేడు మీద అలల్లాంటి గీతలుండే పాతకాలపు డమాస్కస్ కత్తుల గురించి మాట్లాడేటప్పుడు ‘వూట్జ్’ అంటారు. మైకేల్ ఫెరడే అంతటి శాస్త్రవేత్త కూర్చుని పరీక్షలు చేసిన ఉక్కు అది. మూసలో కరిగించి చేసే ఆ ఉక్కు దక్షిణ భారతం నుంచి, మన నిజామాబాద్ వైపు కోనసముద్రం నుంచి కూడా పర్షియా దాకా పోయింది. ఆ పేరు మన ‘ఉక్కు’ నుంచే వచ్చిందని చెప్తారు. నేను ‘ఉక్కు’ అని పలికి వినిపిస్తే మా వాళ్ళు రెండు మూడుసార్లు అనిపించుకున్నారు. ఆ రోజు ఇంటికి ఫోన్ చేసి నాయనకు చెప్పాను. "ఉక్కును ఉక్కనక ఏమంటార్రా?" అన్నాడు.

అరుగు మీద కూర్చుని నాయన ఆ కత్తిని చాలాసేపు చూశాడు. గోటి మీద అంచు ఆనించాడు. వెన్ను నుంచి అంచు దాకా బొటనవేలు జార్చాడు. ఎంత వేడి పెట్టావని అడిగాడు. ఫర్నేసులో 815 డిగ్రీలు, గోరువెచ్చటి నూనెలో ముంచడం, ఆ తర్వాత 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు రెండుసార్లు కాల్చడం, అంతా చెప్పాను. ఆయన దగ్గర డిగ్రీలు లేవు. కొలిమి కొట్టంలో కిటికీ మూసి, చీకట్లో ఉక్కు పండుమిరప రంగుకు వచ్చాక అంచు వరకే నీళ్ళలో ముంచేవాడు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచుకు పాకుతూ ఉంటే, గోధుమరంగు తిరిగే దాకా చూసి అప్పుడు మొత్తం ముంచేవాడు. లారీ కమాను పట్టీతో చేసిన మచ్చుకత్తి ఆ పదునుతో పదేళ్ళు కొబ్బరికాయలు కొట్టింది. నేను మీటరు చూసి చేసేది ఆయన కళ్ళతో చేశాడు. కాల్గరీలో ఈ మాట అంటే ఎవరైనా తల ఊపుతారు. మా ఊళ్ళో ఆయన్ను అట్లా చూసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఆ లెక్క తలచుకుంటే నాకు బాధేస్తుంది.

"దేనికి వాడతారు దీన్ని?"

"వేటకు నాయనా."

ఆయన వీధి వైపు చూశాడు. "ఫారెస్టోళ్ళు చూస్తే?"

1972 వన్యప్రాణి చట్టం వచ్చినప్పటి నుంచి మన దగ్గర వేట అంటే జైలే. కౌండిన్య అడవి పక్కన పుట్టినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కెనడాలో లైసెన్సు ఉంటుందని, ఇన్ని జంతువులనే లెక్క ఉంటుందని, తినదగ్గ మాంసం వృథాగా వదిలేస్తే అదీ నేరమేనని చెప్పాను. ఆ చివరి మాట ఆయనకు నచ్చింది. పిడికి వాడే సాంబార్ దుప్పి కొమ్ము సంగతి మాత్రం చెప్పలేదు. మా షాపు అరలో పాత సరుకు ఒక డబ్బా ఉంది, మన దేశం ఎగుమతి ఆపేయకముందు పోయినది. గ్రైండరు బెల్టు తగిలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. శేషాచలం అడవిలో రాలిపడి ఉన్నా ముట్టుకోకూడని కొమ్మును ఎనిమిదివేల మైళ్ళ అవతల అరగదీసేటప్పుడు నాకు చెయ్యి ఆడదు. నాయన కత్తికి మేపుల్ చెక్కే పెట్టాను.

ధర అడిగాడు. మన లెక్కలో ముప్పై ఐదు వేల పైనే అన్నాను. మచ్చుకత్తికి ఆయన తీసుకున్న ఎక్కువ ధర నాలుగువందలు. ఏమీ అనకుండా ఒరలో పెట్టేశాడు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు అమ్మ ఆ కత్తితోనే తోతాపురి కాయలు కోసింది. అది స్టెయిన్‌లెస్ కాదు, కార్బన్ ఉక్కు. పులుపు తగిలి బ్లేడు మీద నీలం, నలుపు మరకలు పడ్డాయి. షాపులో మేం ఆవపిండి ముద్ద పూసి కావాలని తెప్పించే రంగు అదే. అలవాటు కొద్దీ తుడిచి నూనె రాయబోతే నాయన వారించాడు. "ఉండనీరా. మామిడి సొన తగిలితే ఇనుము నల్లబడకుండా ఎట్లుంటుంది?"

ఇంటర్ చదివే మా అక్క కొడుకు పక్కనే ఉన్నాడు. "మామా, ఒకసారి ఇవ్వవా" అని చెయ్యి చాపాడు. పిడి వాడి వైపు తిప్పేశాను కూడా. చెయ్యి సగం దాకా పోయింది. నాయన కాయల బుట్ట సర్దుకుంటూ ఉన్నాడు, మా వైపు చూడటం లేదు.

కత్తి అరుగు మీద పెట్టాను. వాడు ఒక క్షణం నా మొహం చూసి, వంగి తీసుకున్నాడు.