రాత్రి మూడు గంటల గీత

మా అమ్మకు షుగర్ వచ్చి 22 ఏళ్లు దాటింది. గత 9 ఏళ్లుగా పొద్దున, రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకుంటున్నది. ఇన్నేళ్లలో వేలి చుక్కతో షుగర్ చూసే పట్టీలు ఎన్ని ఖర్చయ్యాయో లెక్క లేదు గాని, వాటి మీద వచ్చిన అంకెలన్నీ ఒక పొడవాటి నోటు పుస్తకంలో తేదీల వారీగా రాసి ఉన్నాయి. పరగడుపున 108, 115, 121. మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 7.1. ఆ పుస్తకం చూసిన వారెవరైనా అమ్మ షుగర్ అదుపులో ఉన్నదనే అంటారు, నేను కూడా అట్లాగే నమ్మి ధైర్యంగా ఉన్నాను. 2024 ఫిబ్రవరిలో డాక్టరు గారి సలహా మీద అమ్మ చేతికి రేయింబవళ్లు షుగర్‌ను కొలుస్తూ ఉండే 14 రోజుల సెన్సార్ పెట్టించిన తరువాత తెలిసింది, ఆ అంకెల్లో ఒక్కటీ తప్పు కాకపోయినా, మేము తెలుసుకోవలసినది వాటిలో లేదని.

నేను హన్మకొండలో ఇంటర్మీడియట్ పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతాను. షుగర్‌ను కొలవడం అనే పనిని నేను మొదట చూసింది మాత్రం ప్రయోగశాలలో కాదు, పరకాల దగ్గరి మా ఊళ్లో, మా తాత మంచం పక్కన. తాత మూత్రం పోసిన చోట చీమలు పడుతున్నాయని నాయనమ్మ గమనించడంతో ఆయన జబ్బు బయటపడింది. ఆ తరువాత వారానికోసారి కాంపౌండర్ వచ్చి, గాజు గొట్టంలో చక్కెరను రంగుతో గుర్తించే బెనెడిక్ట్ ద్రావణం 5 మిల్లీలీటర్లు పోసి, అందులో 8 చుక్కల మూత్రం వేసి స్పిరిట్ దీపం మీద కాచేవాడు. నీలం రంగు మారకపోతే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు వస్తే ఆ వరుసలో ఎక్కువైనట్టు. రంగు మారడం చూసి మురిసిపోయిన పిల్లవాడిని నేను. ఆ పరీక్షలోని లోపం ఏమిటో నాకు చాలా ఏళ్ల తరువాత అర్థమైంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో చక్కెర దాదాపు 180 మిల్లీగ్రాములు దాటితే తప్ప మూత్రపిండాలు దాన్ని బయటికి వదలవు, పైగా ఆ మూత్రం అంతకు ముందు కొన్ని గంటలుగా పోగైనది. చక్కెర 120 ఉన్నా నీలమే, 40కి పడిపోయినా నీలమే. ఎక్కువైనప్పుడు మాత్రమే పలికి, ప్రాణం మీదికి వచ్చేంత తక్కువైనప్పుడు ఏమీ చెప్పని పరీక్ష అది.

రక్తాన్నే నేరుగా పరీక్షించే కాగితపు పట్టీ, డెక్స్ట్రోస్టిక్స్, 1965లో వచ్చింది. పెద్ద చుక్క రక్తం వేసి, నిమిషం ఆగి, నీళ్లతో కడిగి, మిగిలిన నీలి రంగును సీసా మీది రంగులతో పోల్చుకోవాలి. ఆ రంగును కంటికి బదులు యంత్రంతో చదివించే మీటరు 1970 ప్రాంతంలో అమెరికాలో తయారైంది. బరువు కిలోకు అటూ ఇటూ ఉండేది, వైద్యులకు తప్ప అమ్మేవారు కాదు. చిన్నతనం నుంచే టైప్ 1 మధుమేహం, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని జబ్బు ఉన్న రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు, వైద్యురాలైన తన భార్య పేరు మీద ఆ మీటరును తెప్పించుకొని రోజుకు పలుమార్లు తన రక్తాన్ని తానే పరీక్షించుకోవడం మొదలుపెట్టాడు. రోగి తన ఇంట్లో తానే కొలుచుకోవచ్చునన్న మాట వైద్యుల చెవికెక్కడానికి ఆయన చాలా ఏళ్లు పోరాడవలసి వచ్చింది, చివరికి నలభై దాటిన తరువాత తానే వైద్య విద్య చదివి డాక్టరయ్యాడు. ఈనాడు మా వీధిలో ప్రతి నాలుగు ఇళ్లలో ఒక ఇంట్లో గ్లూకోమీటర్ కనిపిస్తున్నదంటే, ఆ పట్టుదలకు మనమందరం రుణపడి ఉన్నామని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను.

ఇప్పటి పట్టీలో రంగు చూసే పనే లేదు. దాని కొసన పూసిన ఎంజైము, చాలా పట్టీలలో గ్లూకోజ్ ఆక్సిడేజ్, రక్తంలోని గ్లూకోజును ఆక్సీకరణం చేస్తుంది. అప్పుడు విడుదలైన ఎలక్ట్రాన్లను ఒక మధ్యవర్తి పదార్థం మోసుకెళ్లి ఎలక్ట్రోడుకు అందిస్తుంది. పుట్టిన విద్యుత్తు ఎంతో దాన్ని బట్టి మీటరు అంకె చూపుతుంది. ఎంజైమును ఎలక్ట్రోడుతో కలిపే ఆలోచనను లీలాండ్ క్లార్క్ 1962లోనే వివరించగా, ఆ పద్ధతితో పనిచేసే పెన్ను ఆకారపు మీటరు 1987లో బజారులోకి వచ్చింది. ఇందులో ఎంత సూక్ష్మమైన కొలత ఉన్నదో పిల్లలకు చెప్పడానికి నేను ఒక లెక్క వేయిస్తాను. మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది, 100 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాముల చొప్పున అందులో ఉండే చక్కెర మొత్తం 5 గ్రాములు, అంటే ఒక్క చెంచాడు. ఆ చెంచాడు రెండు చెంచాలైతే షుగర్ 200. సగం చెంచాకు పడిపోతే మనిషి చెమటలు పట్టి తూలిపోతాడు.

ఇంత చిన్న కొలత కనుకనే వేలి మీద అంటుకున్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఒక వేసవిలో అమ్మ మామిడి రసాలు పిసికి పిల్లలకు పెట్టి, చేయి కొంగుకు తుడుచుకొని కూర్చుంటే, మీటరు 341 చూపింది. సబ్బుతో కడిగి, ఆరిన తరువాత మళ్లీ చూస్తే 168. కడగకుండా వచ్చిన మొదటి అంకెను నమ్మి ఇన్సులిన్ పెంచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయమేస్తుంది. పట్టీల డబ్బాను సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంచమంటారు, మన దగ్గర మే నెలలో ఎండ 44 దాకా పోతుంది. బండి డిక్కీలోనో కిటికీ అరుగు మీదనో పెట్టిన డబ్బాలోని ఎంజైము దెబ్బతింటుంది. మూత గట్టిగా పెట్టకపోతే తేమ చేరి పాడవుతుంది. ఇవేవీ జరగకపోయినా, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మంచి మీటరు చూపే అంకెలలో నూటికి 95 మాత్రం అసలు విలువకు 15 శాతం లోపల, 100 కంటే తక్కువ ఉన్నప్పుడు 15 మిల్లీగ్రాముల లోపల ఉంటే చాలు. కాబట్టి నిన్న 142, నేడు 151 అని దిగులు పడేవారికి నేను చెప్పేది ఒక్కటే: ఆ రెండూ ఒకే అంకె అనుకోండి.

ఇక సెన్సార్ సంగతి. రూపాయి బిళ్ల కంటే కొద్దిగా పెద్దదైన తెల్లని బిళ్ల అది, మోచేతికి పైన చేయి వెనుక భాగాన అతికిస్తారు. అతికించేటప్పుడు అప్లికేటర్‌లోని సూది ఒక సన్నని పోగును చర్మం కిందికి దించి తాను వెనక్కి వచ్చేస్తుంది. ఆ 5 మిల్లీమీటర్ల పోగు మీద ఉన్నది పట్టీలో ఉన్నటువంటి ఎంజైమే, కాకపోతే అది రెండు వారాల పాటు పనిచేయాలి. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. ఈ పోగు రక్తనాళంలో ఉండదు, కణాల మధ్య ఉండే ద్రవంలో ఉంటుంది. పాకాల చెరువు కింద సాగు చేసేవారికి దీన్ని వివరించడం తేలిక: తూము ఎత్తగానే కాలువ నిండుతుంది గాని, చివరి మడికి నీరు చేరడానికి సమయం పడుతుంది, తూము మూసిన తరువాత కూడా ఆ మడిలో నీరు కాసేపు అట్లాగే నిలిచి ఉంటుంది. రక్తం కాలువైతే, సెన్సార్ కూర్చున్నది చివరి మడిలో. అందువల్ల అన్నం తిన్న వెంటనే గాని, షుగర్ వేగంగా పడిపోతున్నప్పుడు గాని సెన్సార్ అంకె 5 నుంచి 15 నిమిషాలు వెనుకబడి ఉంటుంది. వేలిలో 180, సెన్సార్‌లో 150 వచ్చినంత మాత్రాన ఏదో ఒకటి చెడిపోయిందని తీర్మానించకూడదు.

సెన్సార్ అంకెలు ఫోనులో ఒక గీతగా కనిపిస్తాయి. సెన్సార్ పెట్టిన రెండో రాత్రే ఆ గీత 3 గంటలకు 62కు దిగింది. నేను లేచి అమ్మ వేలు గుచ్చి చూస్తే 104. అమ్మ ఆ చేతి మీదికే ఒత్తిగిలి పడుకొని ఉంది. ఒంటి బరువు పడి ఆ చోట ద్రవం కదలిక తగ్గినప్పుడు సెన్సార్ లేని తగ్గుదలను చూపుతుందని ముందే చదివి ఉన్నాను కనుక కంగారు పడలేదు. కాని నాలుగో రాత్రి అమ్మ వెల్లకిలా పడుకొని ఉండగా గీత 57కు వచ్చింది, ఈసారి వేలిలో 61. "నాకేమైతున్నది బిడ్డా, మంచిగనే ఉన్న గదా, అర్ధరాత్రి ఈ సూది ఎందుకు గుచ్చుతున్నవ్?" అన్నది అమ్మ. జాకెట్టు మాత్రం చెమటతో తడిసి ఉంది. గ్లూకోజు నీళ్లు తాగించి, పావుగంట తరువాత మళ్లీ చూసి, 98కి చేరిన తరువాత పడుకోబెట్టాను. ఎన్నో ఏళ్లుగా షుగర్ ఉండి, పలుమార్లు పడిపోయిన వారికి వణుకు, దడ వంటి ముందస్తు సూచనలు క్రమంగా మొద్దుబారుతాయి. అమ్మకు జరిగింది అదే. ఆ 14 రాత్రులలో 5 రాత్రులు గీత 70 కిందికి దిగింది, తెల్లవారుజామున శరీరం విడుదల చేసే హార్మోన్ల వల్ల కాలేయం నుంచి చక్కెర వచ్చి 6 గంటలకు 112 దగ్గర నిలిచింది. మా నోటు పుస్తకంలోకి ఎక్కినది ఆ 112 మాత్రమే. దాన్ని చూసి నేను సంతోషించిన పొద్దుటి పూటలు గుర్తుకు వస్తే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

హెచ్‌బీఏ1సీ 7.1 ఎట్లా వచ్చిందో కూడా ఆ గీతలోనే కనిపించింది. ఉప్మా తిన్న పొద్దున 270, రాత్రి 60. రెండింటినీ కలిపి సగటు తీస్తే ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. దానికి తోడు అమ్మకు రక్తహీనత ఉంది. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ ఉన్నదాని కంటే ఎక్కువగా కనిపించవచ్చు, ఎర్ర రక్తకణాలు త్వరగా నశించే జబ్బులలో తక్కువగా కనిపించవచ్చు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసి కూడా ఆ ఒక్క అంకె మీద మోతాదులు నిర్ణయించుకోవడం నాకు సమ్మతం కాదు. అందుకే నిపుణులు 2019లో ఒక అంతర్జాతీయ ఒప్పందానికి వచ్చి, రోజులో ఎంత సమయం 70కి, 180కి మధ్య గడిచిందో చూడమన్నారు. సాధారణంగా 70 శాతం కంటే ఎక్కువ సమయం ఆ హద్దుల్లో ఉండాలి. అమ్మ వంటి వృద్ధులకు 50 శాతం దాటితే చాలు గాని, 70 కంటే తక్కువలో గడిచే సమయం మాత్రం ఒక్క శాతానికి మించకూడదు. ఆ లెక్క చూడగానే డాక్టరు గారు రాత్రి ఇన్సులిన్ మోతాదు తగ్గించారు, పొద్దుటి ఉప్మా మాన్పించారు.

ఆ రెండు వారాల్లోనే మేడారం జాతర వచ్చింది. ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు వరంగల్ రోడ్లన్నీ అటే నడిచాయి, మా చిన్నాయన తల్లుల బంగారం తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. మేడారంలో బంగారమంటే బెల్లమని మన వైపు వారికి వేరుగా చెప్పనక్కర లేదు. ప్రసాదాన్ని కాదనడం అమ్మ వల్ల కాదు, కాదనమని చెప్పడం నా వల్ల కాదు. ఉసిరికాయంత ముక్క ఉత్తగా తిన్న రోజు గీత 40 నిమిషాల్లో 70 పాయింట్లు లేచింది. మరునాడు అందులో సగం ముక్కను జొన్నరొట్టె, పాలకూర పప్పు తిన్న తరువాత తింటే 30 కూడా లేవలేదు. నా మాటగా ఇరవై సార్లు చెప్పినా వినని సంగతిని, తన చేతి మీది గీతలో చూసిన తరువాత అమ్మ పక్కింటి వారికి కూడా చెప్పడం మొదలుపెట్టింది.

జాతర నుంచి వచ్చిన చిన్నాయన చేతికి ఒక కొత్త గడియారం ఉంది. సూది లేకుండా షుగర్ చూపుతుందని ప్రకటన చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడట. భోజనానికి ముందు అది 118 చూపింది, భోజనమైన రెండు గంటలకు 121 చూపింది. అప్పుడు మా మీటరులో ఆయన వేలి అంకె 236. ఆ అంకెలను నమ్మి ఆయన మూడు వారాలుగా రాత్రి మాత్ర మానేశాడు. జాతర మొదలైన ఫిబ్రవరి 21వ తేదీనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, చర్మానికి సూది తగలకుండా తమంతట తామే షుగర్‌ను కొలుస్తామనే గడియారాలను, ఉంగరాలను కొనవద్దని, అటువంటి వాటిలో ఒక్కదానికీ తాను అనుమతి ఇవ్వలేదని హెచ్చరించింది. రక్తంలో గ్లూకోజు ఉండేది వెయ్యింట ఒక వంతు. నీరు, కొవ్వు, హిమోగ్లోబిన్ ఇచ్చే సంకేతాల నడుమ దాని సంకేతాన్ని చర్మం పైనుంచి కాంతితో వేరు చేయడానికి శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా కష్టపడుతున్నారు. సెన్సార్ చూపే అంకెను ఫోను నుంచి తీసుకొని చూపించే గడియారాలు వేరు, అవి మోసం కావు. ఆ తేడా తెలుసుకోకుండా ఎవరూ మందు మానవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

సూదితో పని తక్కువ చేసే నిజమైన దారులు లేకపోలేదు. చిన్న కోతతో చర్మం కింద అమర్చి, ఎంజైముకు బదులు కాంతితో పనిచేసే ఎవర్‌సెన్స్ అనే సెన్సార్‌కు ఏడాది పాటు వాడేందుకు అమెరికాలో 2024లో అనుమతి లభించింది. సెన్సార్‌ను ఇన్సులిన్ పంపుతో కలిపి, మోతాదును యంత్రమే సర్దే పరికరానికి 2016లోనే అక్కడ అనుమతి వచ్చింది. టైప్ 1 పిల్లలున్న తల్లిదండ్రులు రాత్రి నిద్రపోగలగడానికి ఇంతకంటే పెద్ద సాయం మరొకటి లేదు.

మన దగ్గర అడ్డు పడేది ధర. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారు, రెండు వారాలకు వేల రూపాయలయ్యే బిళ్లను వారిలో ఎందరు కొనగలరు? మాత్రలతోనే అదుపులో ఉన్నవారికి ప్రతి నెలా అది అవసరమని కూడా నేను అనుకోను. ఇన్సులిన్ వాడేవారు, రాత్రిళ్లు చెమటలు పట్టేవారు, ఒంటరిగా ఉండే ముసలివారు ఏడాదికి ఒకటి రెండు సార్లయినా పెట్టించుకుంటే బాగుంటుంది. పెద్ద దవాఖానలలో ఇటువంటి వారికి ప్రభుత్వమే ఉచితంగా పెట్టే రోజు రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. మిగతా రోజుల్లో మేము పాత పట్టీలే వాడుతున్నాము గాని, పద్ధతి మార్చాము. రోజూ పరగడుపున ఒకే వేళ చూడడం మాని, ఒకరోజు పొద్దుటి భోజనానికి ముందు, తరువాత, మరునాడు మధ్యాహ్నం, ఆ మరునాడు రాత్రి చూస్తున్నాము; నెలకు రెండు సార్లు 3 గంటలకు అలారం పెట్టుకొని లేస్తున్నాను. ఈ ఏటికి కొన్న సెన్సార్ డబ్బా ఇంకా విప్పలేదు. సద్దుల బతుకమ్మకు ముందు పెట్టించమని అమ్మే అడిగింది. నువ్వుల సద్దికి గీత ఎంత లేస్తుందో, మలీదకు ఎంత లేస్తుందో ఆమె చూడాలట.