ఖాళీ గుంజకు పసుపు

2025 జనవరి 15, బుధవారం. కనుమ.

నేను లేచేసరికే అమ్మ రథం ముగ్గు సగం వేసేసింది. కనుమ నాటి రథానికి తాడు గీయాలి, ఆ తాడు పక్కింటి ముగ్గుదాకా లాగాలి. పక్కింటివాళ్ళు మూడేళ్ళుగా విజయవాడలోనే ఉంటున్నారు, ఇంటికి తాళం. అమ్మ వాళ్ళ గుమ్మం ముందు కూడా తనే ఊడ్చి, నీళ్ళు చల్లి, చిన్న రథం ఒకటి వేసి, మా తాడు తీసుకెళ్ళి దానికి కలిపింది. అడిగితే, "మరి మన రథాన్ని గాల్లో వదిలెయ్యమంటావా?" అంది.

డిసెంబరులో ఆఫీసులో తలా ఒక నోటుబుక్కు ఇచ్చారు. రోజూ పడుకోబోయే ముందు, ఆ రోజు మనకు మేలు చేసిన మూడు సంగతులు అందులో రాసుకోవాలట. మొదటి వారం బాగానే రాశాను. రెండో వారానికి "టీ బాగుంది", "బస్సులో సీటు దొరికింది" దగ్గరికి దిగాను. అయినా పట్టుదలగా ఊరికి కూడా మోసుకొచ్చాను. మొన్న భోగి నాడు తలంటుకి కుంకుడు రసం తీసి పెట్టిందని "థాంక్స్ అమ్మా" అన్నాను. అమ్మ చెంబు చేతిలో పట్టుకుని నన్ను ఎగాదిగా చూసి, "ఏమే, ఒంట్లో బాగానే ఉందా?" అంది. మా ఇంట్లో ఆ మాట చుట్టాలకి కూడా చెప్పరు. డాక్టరుకి చెబుతారు, అంతే.

తొమ్మిదింటికి నాన్న గొడ్ల సావిట్లోకి వెళ్ళాడు. సావిడి ఖాళీ. మా చివరి గేదెని పోయిన వేసవిలో అమ్మేశారు. నాన్న మోకాళ్ళు వంగట్లేదు, పాలు తీసేవాళ్ళు లేరు, ఊళ్ళో అందరూ మిషను కోతలకి మారాక గడ్డికి కూడా కటకటే. కారణాలన్నీ సరైనవే. అమ్మమని ఫోన్లో రెండేళ్ళు పోరిందీ నేనే.

సావిడి శుభ్రంగా ఊడ్చి ఉంది. కుడితి తొట్టి బోర్లించి పెట్టారు. నాన్న బకెట్టుతో నీళ్ళు తెచ్చి, గేదెని కట్టే గుంజని కొబ్బరి పీచుతో రుద్ది కడిగాడు. పలుపుతాడు ఒరుసుకుని ఒరుసుకుని ఆ గుంజ నడుము దగ్గర సన్నబడిపోయి, నున్నగా మెరుస్తూ ఉంటుంది. సరిగ్గా అక్కడ పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టాడు. ఓ బంతిపూల దండ చుట్టాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నానని చూసి కాస్త సిగ్గుపడ్డట్టున్నాడు.

"మీ తాతయ్య చేశాడు ఇలా, ఉప్పెన ఏడాది," అన్నాడు.

దివిసీమలో ఉప్పెన ఏడాది అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19. నాన్నకి అప్పుడు పన్నెండేళ్ళు. వేలమంది మనుషులే పోయారు, ఇక పశువుల లెక్క ఎవరు చూశారు? మాకున్న ఎడ్ల జతా, రెండు గేదెలూ పోయాయి. రెండు నెలలు తిరక్కుండానే సంక్రాంతి వచ్చింది. ఎవరికీ పండగ లేదు. కనుమ పొద్దున తాతయ్య ఎవరికీ చెప్పకుండా లేచి, మట్టిలో ఒరిగిపోయిన గుంజల్ని నిలబెట్టి, కడిగి, పసుపు రాశాడట. "గొడ్డు లేకపోతే కనుమ లేదా?" అని నాయనమ్మని కసిరాడట కూడా. ఇన్నేళ్ళలో ఈ సంగతి నాతో ఎవరూ అనలేదు. మా ఇంట్లో ఉప్పెన కబుర్లన్నీ నీళ్ళ ఎత్తు దగ్గరే ఆగిపోతాయి.

"కానీ నాన్నా, అప్పుడవి కొట్టుకుపోయాయి కదా," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

నాన్న కాసేపు పీచు పిండుతూ కూర్చున్నాడు. "అవును. దీన్ని మనమే పంపాం. బేరగాడు ఎక్కడికి తోలుకెళ్తున్నాడో నేనడగలేదు. అడిగితే అమ్మలేనని తెలుసు." ఇంకాసేపటికి, "పదకొండేళ్ళు పాలిచ్చిందమ్మా. నీ ఇంజనీరింగు ఫీజుల్లో సగం దాని తల్లివే. ఆ రుణం ఎట్లా తీరుద్ది?" అన్నాడు.

నాకు ఏం మాట్లాడాలో తెలియక వరండాలోకి వచ్చేశాను. చూరుకి వరికంకుల కుచ్చు వేలాడుతోంది. ఈసారి మా పొలం కూడా మిషనే కోసింది. అది కోశాక కుచ్చు అల్లడానికి పనికొచ్చే కంకి ఒక్కటీ మిగలదు. అందుకని మిషను రాకముందే గట్టు పక్కన కాస్తంత కొడవలితో కోసి దాచాడట, ఆ మోకాళ్ళతోనే. కుచ్చుకి పిచ్చుకలు ఇంకా రాలేదు. కింది వరసని మాత్రం ఉడతో ఎలుకో ఖాళీ చేసింది.

మధ్యాహ్నం గారెలు. కనుమ నాడు మినుము తినాలి కదా, అదీ పోయినేడు మా చేలో పండినదే. పిన్ని వేస్తోంది, నేను ప్లేట్లు అందిస్తున్నాను. పిన్నివాళ్ళది విజయవాడ సింగ్‌నగర్. మొన్న సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మూడు రోజులు మేడ మీదే ఉన్నారు. నూనె మరుగుతుంటే హఠాత్తుగా ఆ కబురు ఎత్తింది. రెండో రోజు ఎవరో కుర్రాడు మెడల్లోతు నీళ్ళలో ఓ ప్లాస్టిక్ టబ్బు తోసుకుంటూ వచ్చి, పాలప్యాకెట్టు పైకి విసిరాడట.

"దణ్ణం పెట్టాలి కదే వాడికి? నేనేం చేశానో తెలుసా? ఇంకోటి వెయ్యి బాబూ అని అరిచాను. వాడు వేశాడు. మొహం కూడా సరిగా చూడలేదు. ఇప్పుడు రోడ్డు మీద ఆ వయసు పిల్లాడు ఎవడు కనబడినా వాడేనేమో అనిపిస్తుంది."

చెప్పి, కాలుతున్న గారె ఒకటి తుంచి నా నోట్లో పెట్టింది. ఉప్పు తక్కువైంది. బాగుందన్నాను.

రేపు పొద్దున బస్సు. ఈ రాత్రికే బయల్దేరదామని మా ఆయన అన్నారు గానీ, కనుమ నాడు కాకి కూడా కదలదని అమ్మ అడ్డం పడింది. నిజానికి నాకూ కదలాలని లేదు.

ఇప్పుడు రాత్రి పది. నోటుబుక్కు తెరిచి తేదీ వేశాను. ఒకటి, రెండు, మూడు అని అంకెలు కూడా వేసుకున్నాను. ఒకటి దగ్గర గేదె అని రాసి కొట్టేశాను. దాన్ని అమ్మించినదాన్ని, దాని పేరు ఈ మెత్తటి కాగితం మీద చక్కటి అక్షరాలతో రాసుకుంటే ఏదోలా ఉంది. నాన్నకి కనీసం పీచు, నీళ్ళు, గుంజ ఉన్నాయి. పొద్దున ఆ నీళ్ళ బకెట్టయినా నేను మోసి ఉండాల్సింది.

ఇంతలో అమ్మ వచ్చింది. రేపట్నుంచి కొత్త పాలబ్బాయి పోస్తాడట, లెక్క రాసుకోడానికి కాగితం ఉందా అని అడిగింది. అంకెలు వేసిన పేజీ చింపి ఇచ్చాను. "ఇందులో గేదె అని ఉందేంటే?" అంది వెలుతురులోకి పట్టి చూస్తూ. ఉండనీ అన్నాను. దాని కిందే "అరలీటరు" అని రాసుకుని, వంటింట్లో మేకుకి గుచ్చింది.