నాన్న 407కి రెండో గేర్‌బాక్స్

బందరులో మా ఇంటి ముందు నాన్న నడిపిన టాటా 407 ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ మోడల్ వచ్చింది 1986లో, మాది అంత పాతది కాదు. బండిలో ఉన్న గేర్‌బాక్స్ ఈమధ్య న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే మూలుగుతోంది, తొక్కితే ఆగుతోంది. అంటే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ పోతోందన్నమాట. అది దించే రోజుకి ఇంకోటి సిద్ధంగా ఉండాలని బెజవాడ ఆటోనగర్‌లో తుక్కు బండిది ఒకటి కొన్నాను.

మొదటి ఆదివారం డ్రెయిన్ బోల్టు విప్పితే నల్లటి ఆయిల్‌లో బంగారు రంగు పొడి మెరిసింది. అది ఇత్తడి. ఇనప ముక్కలు లేవు, ప్రాణం కుదుటపడింది. పై మూత ఎత్తేటప్పుడు గుడ్డ కప్పి మరీ ఎత్తాను. లోపలి స్ప్రింగులూ గోళీలూ ఎగిరి ఎక్కడో పడితే వెతకడం నరకం. వాషర్లు, షిమ్‌లు వచ్చిన వరుసలోనే ఒక తీగకి గుచ్చి పెట్టుకున్నాను. మిగతావన్నీ డీజిల్‌తో కడిగాను.

అసలు సంగతి మూడో గేరు సింక్రో రింగులో ఉంది. గేరు పడేముందు తిరిగే వేగాల్ని కలిపే ఇత్తడి రింగు అది. కొత్త రింగు లోపలివైపు సన్నటి గాడులు ఉంటాయి, గోరు పెట్టి లాగితే గరగరమంటుంది. ఆయిల్ పొరను కోసి గేరు కోన్‌ను, అంటే గేరు పక్కనున్న ఏటవాలు అంచును, పట్టుకునేవి అవే. పాత రింగులో గోరు జారిపోయింది, అద్దంలా నున్నగా అరిగింది. రింగును కోన్ మీద నొక్కి ఫీలర్ గేజ్ పెడితే సందు 0.3 మి.మీ. వచ్చింది, కొత్తదానికి 1.2. "గేర్లు బాగున్నాయి బాబూ, రింగులన్నీ మార్చెయ్" అన్నాడు ఆటోనగర్ మిస్త్రీ. రింగులన్నీ మార్చాను. వాటితోపాటు బేరింగులు, ఆయిల్ సీల్సు కూడా.

కొత్త బేరింగుల్ని సుత్తితో కొట్టలేదు. గిన్నెలో ఆయిల్ పోసి, థర్మామీటర్ పెట్టి, 100 డిగ్రీల దాకా వేడి చేస్తే షాఫ్ట్ మీదికి వాటంతట అవే జారాయి. చల్లారాక కదిలితే ఒట్టు.

గేర్ ఆయిల్ 80డబ్ల్యు-90 చిక్కదనంది, జీఎల్-4 రకం పోశాను. జీఎల్-5లో గంధకం మందు ఎక్కువ, వేడిలో ఇత్తడి రింగుల్ని తినేస్తుంది. వెనక ఇరుసులోని డిఫరెన్షియల్‌కి అదే మంచిది, ఇక్కడ మాత్రం వద్దు.

ఇక దాచడం. నాకు ఎక్కువ టెన్షన్ దీనిగురించే. ఇంతకుముందు ఒక స్పేర్‌ని ఆయిల్ లేకుండా సిమెంటు నేల మీద ఉంచితే, రెండు వానాకాలాలకే ఈ ఉప్పుగాలికి మెయిన్ షాఫ్ట్ బేరింగ్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అందుకే ఈసారి చెక్క దిమ్మెల మీద, బండిలో ఎలా ఉంటుందో అలాగే పడుకోబెట్టాను. లెవెల్ దాకా ఆయిల్ ఉంది. ఇన్‌పుట్ షాఫ్ట్ మీది స్ప్లైన్లకు (నిలువు పళ్లకు) గ్రీజు రాసి ప్లాస్టిక్ సంచీ కట్టాను. గాలి పోయే బ్రీదర్ రంధ్రానికి టేపు వేశాను. బిగించే రోజు అది తీయకపోతే లోపల ఒత్తిడి పెరిగి సీల్సు కారతాయి కాబట్టి "టేపు తియ్యాలి" అని ఎర్ర స్కెచ్‌తో అట్టముక్క మీద రాసి, ఆయిల్ పోసిన తేదీతో సహా, లివర్‌కి వేలాడదీశాను.

నెలకోసారి గేరులో వేసి ఇన్‌పుట్ షాఫ్ట్‌ని ఇరవై చుట్లు తిప్పుతాను, పైనున్న బేరింగులకూ ఆయిల్ అందాలి కదా. నిన్న తిప్పాను. మూడోది వెన్నలా పడింది. రివర్స్ కొంచెం గట్టిగా ఉంది, వచ్చే ఆదివారం ఆ గేరుని జరిపే ఫోర్కు చూడాలి.