మ్రావిన్స్కీ గదిలో జరిగిన పని

వారం రోజులుగా రాత్రి పడుకునే ముందు ఒకే రికార్డింగ్ వింటున్నాను. రష్యన్ స్వరకర్త గ్లింకా రాసిన 'రుస్లాన్, ల్యుద్మిలా' ఒపెరా (పాటలతో నడిచే నాటకం) మొదట్లో వాద్యాలు మాత్రమే వాయించే ఓవర్చర్. 1965లో లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రా మాస్కోలో వాయించింది. మొత్తం ఐదు నిమిషాలు కూడా ఉండదు. ఆ వేగానికి ఒక్క వయొలిన్ తడబడకుండా వాయించడమే గొప్ప, ఇక్కడ వరసలకు వరసల వయొలిన్లు ఒకే చెయ్యి కదిలినట్టు పరుగెడతాయి, ఒక స్వరం ఇంకోదాంట్లో కలిసిపోయి ముద్దవడం అన్నదే ఉండదు. మధ్యలో చెల్లోలు (వయొలిన్ జాతివే, పెద్దవి, గొంతు బరువు) పాట అందుకుంటాయి చూడండి, చుట్టూ అంత హడావుడి జరుగుతుంటే అవి మాత్రం తీరిగ్గా పాడతాయి. అక్కడికి రాగానే ప్రతిసారీ వెనక్కి జరిపి మళ్లీ వింటాను.

దీన్ని నడిపించినాయన యెవ్గెనీ మ్రావిన్స్కీ. 1938 నుంచి 1988లో చనిపోయేదాకా ఆ ఒక్క ఆర్కెస్ట్రాకే ప్రధాన కండక్టర్. యాభై ఏళ్లు!

మన కచేరీలో పాడే మనిషే తాళం వేసుకుంటాడు, వయొలిన్, మృదంగం ఆయన్ని కనిపెట్టుకుని ఉంటాయి. అందుకే పాశ్చాత్య సంగీతం కొత్తగా వింటున్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ఏమీ వాయించకుండా ముందు నిలబడి చేతులు ఊపే ఈ కండక్టర్‌కి అంత పేరెందుకు అని. చేతులు ఊపేది చివర్లో, అసలు పని అంతకు ముందే అయిపోయి ఉంటుంది అని చెప్తాను. చెప్పాక మ్రావిన్స్కీ కథ ఎత్తుకుంటాను.

ఆయన 1903లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు, తర్వాత లెనిన్‌గ్రాడ్ అయింది ఆ ఊరే. మేనత్త యెవ్గెనియా మ్రావినా అక్కడి మరిన్స్కీ థియేటర్‌లో పెద్ద గాయని. తండ్రి పోయాక కుటుంబం చితికిపోయింది, కుర్రాడు అదే థియేటర్‌లో మాటల్లేని చిన్న చిన్న వేషాలు వేశాడు, బ్యాలే స్కూల్లో పియానో వాయించాడు, మధ్యలో కొంతకాలం యూనివర్సిటీలో జీవశాస్త్రం కూడా చదివాడు. కన్జర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, చదువు పూర్తయ్యేసరికి 1931. తర్వాత కొన్నేళ్లు బ్యాలేలకు కండక్టర్. అప్పటికి బయట ఆయన పేరు పెద్దగా ఎవరికీ తెలియదు.

అలాంటి మనిషి చేతికి 1937లో స్వరకర్త షోస్తకోవిచ్ రాసిన ఐదో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా రాసే పెద్ద రచన) వచ్చింది. ఆ ఏడాది సోవియట్ దేశంలో మనుషులు రాత్రికి రాత్రి మాయమైపోతున్నారు. అంతకు ముందు ఏడాదే కమ్యూనిస్టు పార్టీ పత్రిక 'ప్రావ్దా' షోస్తకోవిచ్ ఒపెరాని చీల్చి చెండాడింది, ఆయన భయపడి నాలుగో సింఫనీని రిహార్సల్స్ మధ్యలోనే వెనక్కి తీసుకున్నాడు. ఈ ఐదోది కూడా తేడా కొడితే రాసినవాడికీ వాయించినవాళ్లకీ ఏమవుతుందో ఎవరూ చెప్పలేని టెన్షన్.

ఇద్దరూ కూర్చుని స్కోర్, అంటే ఏ వాద్యం ఏం వాయించాలో రాసి ఉన్న ప్రతి, చూడటం మొదలుపెట్టారు. మ్రావిన్స్కీ వరసగా ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడట, ఈ గీత ఎందుకు, ఇక్కడ ఎంత మెల్లగా, ఈ స్వరం నిలబెట్టాలా వదిలేయాలా అని. షోస్తకోవిచ్‌కి మొదట గుబులు పుట్టింది, ఈయన చిన్న చిన్న వివరాల్లో పడి మొత్తం రూపం పోగొడతాడేమోనని. ఐదో రోజుకి గానీ ఆ పద్ధతే సరైనదని ఆయనకు అనిపించలేదు. ఈ మాట ఆయనే రాసుకున్నాడు.

టెంపోల, అంటే వేగాల, సంగతి ఇంకా బావుంటుంది. ఏది ఎంత వేగంగా ఉండాలో అడిగితే షోస్తకోవిచ్ నోటివెంట సరైన జవాబు వచ్చేది కాదు. దాంతో మ్రావిన్స్కీ ఒక ఉపాయం చేశాడు. పియానో దగ్గర కూర్చుని కావాలనే తప్పు వేగంలో వాయించేవాడు. షోస్తకోవిచ్ ఉండబట్టలేక "అలా కాదు" అని ఆపేసి, అసలు వేగం చూపించేవాడు. కొన్నాళ్లకి ఆయన ఈ ఎత్తు కనిపెట్టేశాడనుకోండి. కానీ అప్పటికి స్కోర్‌లో కావలసినవన్నీ నిండిపోయాయి. నేను కండక్టర్ పని అనేది ఇదే. ఇదంతా జనం లేని గదిలో జరిగింది.

నవంబర్ 21న లెనిన్‌గ్రాడ్‌లో వాయించారు. నెమ్మదిగా సాగే మూడో భాగంలో హాల్లో జనం ఏడ్చారు. అయిపోయాక చప్పట్లు అరగంటకు పైగా ఆగలేదు, మ్రావిన్స్కీ స్కోర్‌ని రెండు చేతులతో తలపైకెత్తి చూపించాడు. ఈ చప్పట్లు నాకు కావు, దీనికి అని. మరుసటి ఏడాది కండక్టర్ల పోటీలో మొదటి బహుమతి, ఆ వెంటనే ఫిల్హార్మోనిక్. యుద్ధంలో ఆర్కెస్ట్రాని నోవోసిబిర్స్క్ తరలిస్తే అక్కడా ఆపలేదు, ఏడో సింఫనీ వినడానికి షోస్తకోవిచ్ స్వయంగా అక్కడికి వచ్చాడు.

నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. 1962లో షోస్తకోవిచ్ పదమూడో సింఫనీ వచ్చింది, కీవ్ దగ్గరి బాబి యార్‌లో నాజీలు చంపేసిన యూదుల గురించి యెవ్తుషెంకో రాసిన కవితతో. పైవాళ్లకు అది రుచించదని అందరికీ తెలుసు. మ్రావిన్స్కీ దాన్ని చేయలేదు. మాస్కోలో కొంద్రాషిన్ అనే ఇంకో కండక్టర్ చేశాడు. పాతికేళ్ల స్నేహం అక్కడ బీటలు వారింది. కారణాల గురించి రకరకాలుగా రాశారు, నేను చాలా చదివాను, ఏదీ నాకు సరిపోయినట్టు అనిపించలేదు. ఆయన మీద ఇంత ప్రేమ ఉన్నా ఆ ఒక్క విషయంలో ఆయన తప్పే చేశాడని నా నమ్మకం.

వయసు మీద పడ్డాక తీసిన వీడియోలున్నాయి. బాగా పొడుగు మనిషి, కుర్చీలో కూర్చుని, కండక్టర్లు పట్టుకునే సన్నటి పుల్ల, బ్యాటన్, కూడా చేతిలో లేకుండా, రెండు వేళ్లు కాస్త పైకి లేపుతాడు. అంతే, వెనక వరసలోని ఇత్తడి వాద్యాలన్నీ ఒక్కసారి లేస్తాయి. నాకైతే ఒళ్లు జలదరిస్తుంది.

ఎనిమిదో సింఫనీని షోస్తకోవిచ్ ఆయనకే అంకితం ఇచ్చాడు. 1943 నవంబర్‌లో మాస్కోలో మొదటిసారి చేసింది ఆయనే. 1982 మార్చిలో లెనిన్‌గ్రాడ్ హాల్లో మళ్లీ చేశాడు, 78 ఏళ్ల వయసులో. అప్పటికి షోస్తకోవిచ్ పోయి ఆరేళ్లు దాటింది. ఆ రికార్డింగ్ దొరుకుతుంది. దాదాపు గంట ఉంటుంది, ఫోన్ పక్కన పడేసి వినండి. చిట్టచివర్న తీగ వాద్యాలు ఒక స్వరాల కలయికని వినీ వినపడనంత మెల్లగా పట్టుకుని ఉంటాయి, కింద ఎవరో తీగని వేలితో మీటుతారు, పైన అది అలాగే ఆరిపోతూ ఉంటుంది, ఆయన తొందరపడడు.