స్టార్‌ఫీల్డ్: కట్టించేదీ తనే, వదిలించేదీ తనే

ముందే చెప్తున్నా, ఇందులో ముగింపుతో సహా అన్నీ బయటపడతాయి. ఇంకా ఆడనివాళ్లు షిప్పుల గురించి, స్కిల్స్ గురించి ఉన్న పేరాలు చదివి ఆగిపోవచ్చు.

2023 సెప్టెంబర్‌లో స్టార్‌ఫీల్డ్ అనే బెథెస్డా అంతరిక్ష వీడియో గేమ్ వచ్చినప్పుడు గొడవంతా లోడింగ్ స్క్రీన్ల మీదే నడిచింది. అవి చిరాకే, కాదనను. కానీ ఆట పూర్తయ్యాక మింగుడుపడనిది వేరే ఉంది. ఆర్టిఫాక్టులనే వింత లోహపు ముక్కలన్నీ సంపాదించి, వాటితో కూర్చిన ఆర్మిలరీని షిప్పుకి బిగించి గ్రావ్ జంప్ (నక్షత్రాల మధ్య దూకడం) చేస్తే, విశ్వాల మధ్య ద్వారమైన యూనిటీకి చేరతాం. దాన్ని దాటితే మరో విశ్వంలో స్టార్‌బోర్న్‌గా, అంటే విశ్వాలు దాటిన మనిషిగా, ఆట మళ్లీ మొదలు. లెవెల్, స్కిల్స్, పవర్లు (గుళ్లలో దొరికే మాయాశక్తులు) మనతో వస్తాయి. క్రెడిట్లు, తుపాకులు, షిప్పులు, అవుట్‌పోస్టులు (గ్రహాల మీద కట్టుకునే స్థావరాలు), కట్టుకున్న మనిషి, ఏదీ రాదు. బదులుగా ఒక స్టార్‌బోర్న్ సూటు, గార్డియన్ అనే షిప్పు ఇస్తారు. ఆ గార్డియన్‌లో ఒక్క భాగం కూడా మార్చుకోనివ్వరు.

కథగా చూస్తే ఇది గొప్ప ఊహ. న్యూ గేమ్ ప్లస్‌ని (ముగిసిన ఆటని సంపాదించినదాంతో మళ్లీ మొదటినుంచి ఆడడాన్ని) మెనూలో ఆప్షన్‌గా కాకుండా కథలోనే సంఘటనగా పెట్టిన ఆటలు తక్కువ. ఎమిసరీ అనే స్టార్‌బోర్న్ మాస్కు తీసినప్పుడు కనబడేది మన విశ్వంలో చనిపోయిన సహచరుడి మొహమే. ఆ ఒక్క చోట రాతగాళ్లకు నూటికి నూరు మార్కులు. చిక్కల్లా, అప్పటిదాకా ఆట మనతో చేయించిన పనులకీ ఈ ముగింపుకీ పొత్తు కుదరదు. షిప్పు కట్టు, అవుట్‌పోస్టు కట్టు, ఇల్లు సర్దు అని పురమాయించి, చివర్లో అవన్నీ వదిలేసి రమ్మంటుంది.

ఆ షిప్ బిల్డర్ ఏమో ఈ ఆటలోకెల్లా బాగా కుదిరిన భాగం. రియాక్టర్ ఏ, బీ, సీలలో ఏ క్లాసుదైతే ఇంజిన్లు, షీల్డు, ఆయుధాలు ఆ క్లాసువో అంతకన్నా కిందివో అయ్యుండాలి. బీ క్లాస్ షిప్పు నడపాలంటే పైలటింగ్ 3వ ర్యాంకు, సీ క్లాసుకి 4వ ర్యాంకు. కట్టిన షిప్పు ఎగరగలదో లేదో చూసే ఫ్లైట్ చెక్‌లో ఎర్ర గుర్తు ఎక్కువగా మూడు చోట్ల పడుతుంది: డాకర్ (వేరే షిప్పుకి అంటించే ద్వారం) పెట్టిన వైపు దానికన్నా ముందుకి ఇంకో భాగం పొడుచుకు రావడం, ల్యాండింగ్ బే (నేలకి దిగే ద్వారం) అట్టడుగున లేకపోవడం, బరువుకి తగినన్ని ల్యాండింగ్ గేర్లు లేకపోవడం. మొబిలిటీ 100కి మించదు, ఆ అంకె అందాక ఇంకా ఇంజిన్లు తగిలించడం డబ్బు దండగ. లేజర్లు షీల్డుకి, బాలిస్టిక్ తుపాకులు హల్‌కి (షిప్పు ఒంటికి) పనికొస్తాయి. పార్టికల్ బీమ్‌లు రెండింటినీ తింటాయి, దూరం నుంచీ తగులుతాయి. కాబట్టి మూడు స్లాట్లలో రెండు వాటికే ఇచ్చేయండి. షిప్పులో చిన్న మార్పు చేసినా లోపల అలంకరించిన సామానంతా కార్గోలోకి వచ్చి పడుతుంది. ముందు షిప్పు ఖరారు చేసుకుని తర్వాత సర్దుకోవడం మేలు.

దొంగిలించిన షిప్పులు అమ్మి బాగుపడదామనుకునేవాళ్లకి ఒక మాట: అమ్మాలంటే ముందు రిజిస్టర్ చేయాలి, ఆ ఫీజు అమ్మకం ధరలో దాదాపు అంతా మింగేస్తుంది. ఉచితంగా మంచి షిప్పు కావాలంటే డెనెబోలా సిస్టమ్‌లో మాంటిస్ క్వెస్ట్ ఉంది. స్పేసర్లనే దోపిడీగాళ్ల శవాల దగ్గర దొరికే కాగితంతో మొదలవుతుంది. రహస్య స్థావరంలో నేలమీద అక్షరాల పలకలు వస్తాయి. టి, వై, ఆర్, ఏ, ఎన్, ఎన్, ఐ, ఎస్ వరసలో మాత్రమే అడుగు వేయాలి, తప్పితే టరెట్లు (వాటంతటవే కాల్చే తుపాకులు) లేస్తాయి. చివర దొరికే రేజర్‌లీఫ్ అనే షిప్పుకి స్కానింగ్‌కి సులువుగా దొరకని షీల్డెడ్ కార్గో ఉంటుంది, నిషేధ సరుకు మోయడానికి అక్కరకొస్తుంది. ఆ సరుకు అమ్మడానికి వోల్ఫ్ సిస్టమ్‌లోని ద డెన్ అనే అంతరిక్ష స్టేషన్‌కి వెళ్లండి, అక్కడ స్కానింగ్ ఉండదు.

స్కిల్స్ పద్ధతి బాగుంది గానీ సతాయిస్తుంది. పాయింటు ఒక్కటే చాలదు, ర్యాంకు పెరగాలంటే సవాలు కూడా పూర్తిచేయాలి. అదీ కింది ర్యాంకు కొన్నాకే లెక్కలోకి వస్తుంది. పైలటింగ్‌కి 5, 15, 30 షిప్పులు కూల్చాలి. ఇవి అంతరిక్షంలో వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. న్యూ అట్లాంటిస్ నగరంలో మాస్ట్ అనే ప్రభుత్వ భవనంలో యూసీ వాన్‌గార్డ్ (యూసీ ప్రభుత్వపు వలంటీరు దళం) పరీక్షకి పేరు ఇచ్చుకుంటే సిమ్యులేటర్‌లో కూల్చినవీ లెక్కే. మొదటి పాయింట్లు బూస్ట్ ప్యాక్, సెక్యూరిటీ, పర్సుయేషన్‌లకి పెట్టండి. బూస్ట్ ప్యాక్ కూడా పాయింటు పెడితేగానీ ఎగరదన్నది ఎవరి ఆలోచనో తెలియదు. సామాను బరువుతో అల్లాడేవాళ్లకి మన అన్వేషకుల బృందం కాన్‌స్టెలేషన్ ఉండే లాడ్జ్ నేలమాళిగలో ఒక పెట్టె ఉంది, దానికి పరిమితి లేదు.

క్వెస్టుల్లో మంచివి మంచివే, పేలవమైనవి పేలవమైనవే. క్రిమ్సన్ ఫ్లీట్ అనే అంతరిక్ష దొంగల ముఠా వరసలో, వాళ్లని వేటాడే యూసీ సైనిక విభాగం సిస్‌డెఫ్ తరఫున దొంగల్లో కలిసిపోవాలి, ఎటువైపో చివరి మిషన్ దాకా తేల్చనవసరం లేదు. వాన్‌గార్డ్ కథలో టెర్రర్‌మార్ఫ్‌లనే రాకాసి జంతువుల గుట్టు నెమ్మదిగా విడుతుంది, దాన్ని ప్రధాన కథ చేసి ఉండాల్సింది. ఎంటాంగిల్డ్ అనే క్వెస్టులో ఒక ప్రయోగశాల రెండు విశ్వాల్లో ఉంటుంది. ఒకదాంట్లో మంటలు, రెండోదాంట్లో శవం, మెరుపు తాకగానే లోడింగ్ లేకుండా ఇటు నుంచి అటు. ఇంత చేయగలిగిన జట్టే ఫస్ట్ కాంటాక్ట్ కూడా రాసింది. 200 ఏళ్ల కిందట భూమి నుంచి బయల్దేరిన ఓడ పారడీసో అనే రిసార్ట్ గ్రహం మీదకి వచ్చి నిలుస్తుంది. రిసార్ట్ బోర్డు వాళ్లు ఇచ్చే దారులు మూడే: ఆ జనాన్ని వెట్టికి పెట్టడం, మన జేబులోంచి గ్రావ్ డ్రైవ్ కొనిచ్చి పంపేయడం, ఓడ పేల్చేయడం. బోర్డుని నిలదీసే దారి లేదు, తుపాకీ ఎత్తినా వాళ్లు చావరు. కాన్‌స్టెలేషన్ సహచరులు నలుగురూ ఒకే అచ్చు నీతిమంతులు. తప్పుడు పనులు చేస్తే దాదాపు అందరికీ కోపమే. పైరేట్‌గా ఆడాలంటే వాళ్లని లాడ్జ్‌లో వదిలి వాస్కో అనే రోబోతోనో ఒంటరిగానో తిరగాలి.

ఇక వెయ్యికి పైగా గ్రహాలు. పోయినచోటల్లా అవే కట్టడాలు. అబాండన్డ్ క్రయో ల్యాబ్ ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే: అదే మెట్లు, అదే గదిలో అదే శవం, అదే టెర్మినల్‌లో అదే ఉత్తరం. కిలోమీటరు నడిచి కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఉంటుంది. 2024 ఆగస్టులో రెవ్-8 బండి వచ్చాక నడక తగ్గింది, ఎలుక మాత్రం అదే. పవర్లు ఇచ్చే గుళ్ల సంగతి మరీ అన్యాయం. 24 పవర్లకి 24 గుళ్లు, ప్రతిదాంట్లో గాల్లో తేలుతూ మెరిసే వెలుగుల్లోకి దూరాలి, బయటకొస్తే ఒక స్టార్‌బోర్న్‌తో పోరు. పవర్ ఒకటి 10వ మెట్టు చేరాలంటే పది విశ్వాల్లో అదే గుడికి పోవాలి. అన్నీ నింపాలంటే 240 సార్లు. ఏ ఒక్క గుడిలోనైనా కొత్త పజిల్ పెట్టి ఉంటే ఇంత తిట్టుకునేవాళ్లం కాదు.

కాబట్టి ఆడే వరస మార్చుకోవడమే దీనికి మందు. మొదటి విశ్వంలో అవుట్‌పోస్టుల జోలికి పోకండి. అనుభవం పాయింట్ల కోసమైతే బెసెల్ 3-బీ అనే ఉపగ్రహం మీద ఒక్కటి చాలు. అల్యూమినియం, ఇనుము రెండూ ఒకేచోట తవ్వి అడాప్టివ్ ఫ్రేములు (చేసినకొద్దీ అనుభవం పాయింట్లు తెచ్చే విడిభాగాలు) చేసుకోవచ్చు, అక్కడ ఒక గంట నిద్ర 57 గంటలకి సమానం కాబట్టి సరుకు త్వరగా పోగవుతుంది. ఫ్యాక్షన్ క్వెస్టులన్నీ ముగించి, షిప్పు మీద అతిగా ఖర్చు పెట్టకుండా ఒకసారి యూనిటీ దాటండి. రెండో విశ్వంలో లాడ్జ్‌కి వెళ్లగానే స్టార్‌బోర్న్‌నని చెప్పేస్తే ప్రధాన కథంతా పక్కకి పోయి ఆర్టిఫాక్టుల వేటే మిగులుతుంది. కొన్ని విశ్వాల్లో లాడ్జే తారుమారై ఉంటుంది, అది చూసే సరదా వేరు. మీ కలల షిప్పు అక్కడ కట్టుకుని ఆగిపోండి. మూడోసారి, నాలుగోసారి దాటడానికి సూటు రంగు తప్ప పెద్ద కారణం లేదు.

ఒకవేళ మొదటి విశ్వంలోనే షిప్పు మీద మనసు పడితే, ఆర్మిలరీ బిగించే ముందు చేత్తో ఒక సేవ్ చేసి పెట్టుకోండి. ఆటోసేవ్‌ని నమ్ముకోకండి, కొత్త విశ్వంలో నాలుగు తలుపులు దాటేలోపే పాతవి చెరిగిపోతాయి. యూనిటీలో అడుగుపెట్టాక కూడా వెనక్కి తిరిగి రావచ్చు, ఆ దారి ఆట ఇస్తుంది. కానీ ఒకసారి దాటితే పాత విశ్వానికి ఆ సేవ్ ఫైల్ ఒక్కటే దారి.