జాతర చీర, క్వాంటమ్ పేపరు

సంచిక కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, కాలేజీ రోజుల అనుభవం ఒకటి రాయమన్నారు, అప్పటి ఫోటో ఒకటి పంపమన్నారు. రాయడానికేం, రాస్తాను. ఫోటో అనగానే గుబులు పట్టుకుంది. నా దగ్గరున్నది ఒక్కటే.

తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సెమిస్టర్ మొదలవగానే హాస్టల్ రూములో కూర్చుని నలుగురం పెద్ద ప్లానే వేశాం. ఈ సెమిస్టర్ జన్మంతా గుర్తుండిపోవాలని నోటుబుక్కు చివరి పేజీలో లిస్టు కూడా రాశాం. తలకోనకు వెళ్ళాం. 270 అడుగుల జలపాతం అని చెప్పుకుంటూ వెళ్తే, ఎండలు ముదిరాయేమో, బండ మీద తడి మరకలా కనబడింది. అలిపిరి నుంచి మెట్లెక్కాం. మోకాళ్ళ పర్వతం దగ్గర ఒకడు కూలబడి, "నేనిక్కడే ఉంటా, వచ్చేటప్పుడు లడ్డూ తీసుకురండి" అన్నాడు. హార్స్‌లీ హిల్స్‌కు డబ్బులు చాలలేదు. లిస్టు అంతటితో సరి.

లిస్టులో లేనిది గంగమ్మ జాతర. మాది పల్నాడు. తిరుపతి అంటే వెంకన్న ఒక్కడే అనుకుని వచ్చినవాణ్ణి. ఆయనకు ఊళ్ళో గంగమ్మ అనే చెల్లెలుందనీ, మే నెలలో వారం రోజులు ఊరంతా ఆమెదేననీ మా క్లాస్‌మేట్ ఒకడు చెప్పేదాకా తెలీదు. వాడి ఇల్లు తాతయ్యగుంట గుడికి రెండు వీధుల అవతల. మేం వాణ్ణి లోకల్ అనే పిలిచేవాళ్ళం.

కథ కూడా వాడే చెప్పాడు. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడొకడు ఉండేవాడు. అవిలాలలో పెరిగిన గంగమ్మ వాడి అంతు చూడబోతే భయపడి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె రోజుకో వేషం కట్టింది. బైరాగి, బండ, తోటి. చివరికి దొర వేషంలో వస్తే, నిజంగానే దొర వచ్చాడనుకుని బయటికొచ్చి చచ్చాడు. అందుకే జాతరలో జనం కూడా ఆ వేషాలే వేస్తారు. ఒకరోజు ఒళ్ళంతా తెల్ల సుద్ద, ఒకరోజు కుంకుమ, ఒకరోజు బొగ్గు, ఒకరోజు గంధం. బండ వేషం రోజు ఎదురొచ్చినవాళ్ళను బూతులు తిట్టడం ఆచారం. తిట్టించుకున్న ముసలమ్మలు ముసిముసిగా నవ్వుకుంటూ పోతుంటే నాకు నోట మాట రాలేదు. నేను చదువుకున్న తెలుగు ఎంత తక్కువో ఆ రోజే తెలిసింది.

మొక్కున్న మగవాళ్ళు చీర కడతారు. లోకల్‌కు మొక్కుంది. నాకు మొక్కు లేదు, మర్నాడు బుధవారం పొద్దున పది గంటలకు క్వాంటమ్ మెకానిక్స్ పరీక్ష ఉంది. "నువ్వూ కట్టరా, నీ పేపరు కూడా అమ్మే చూసుకుంటాది" అన్నాడు వాడు. నా టెన్షన్‌లో అది పూర్తిగా న్యాయమైన మాటలా అనిపించింది.

వాళ్ళమ్మ మాకు చెరో గ్లాసు రాగి అంబలి పోసి, తర్వాత నన్ను నడింట్లో నిలబెట్టింది. నోట్లో నాలుగు పిన్నీసులు పెట్టుకునే మాట్లాడుతోంది. "కదలబాక నాయనా, కుచ్చిళ్ళు జారతాయి." ఆ 'బాక' అంటే వద్దని అర్థం కావడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది. ఆమె వేళ్ళ మీద ఎర్ర చీర మడతలు టకటకా పడుతున్నాయి. ఒక్కో మడతా బొటనవేలితో నొక్కి, మొత్తం దోపి, ఒక్క గుంజు గుంజింది. ఊపిరి ఆగింది. సవరం పెట్టి, మల్లెపూలు చుట్టి, నొక్కుడు కమ్మలు తగిలించింది. "మీసం?" అన్నాను. "ఉండనీలే. తల్లికి తెలీదా ఏంది, నువ్వు మగోడివని?" అంది.

గుడి వీధిలో పెద్ద అడుగు వెయ్యడానికి లేదు. కింద తారు కాలుతోంది, పైన కమ్మలు నొక్కుతున్నాయి. జనంలో వెనకనుంచి ఎవడో కొంగు లాగాడు. కోపంగా తిరిగేసరికి వాడు నా మీసం చూసి, "సారీ అన్నా" అని తప్పుకున్నాడు. ఆడపిల్లకైతే ఆ సారీ కూడా దొరకదు. పాలెగాడు చచ్చాడంటే నమ్మబుద్ధి కాలేదు.

అంతలో ఎదురుగా క్వాంటమ్ చెప్పే సారు. భుజాల మీద కొడుకు, నుదుటినిండా కుంకుమ, చేతిలో వేపమండ. దాక్కోవడానికి చోటు లేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"డీజెనరేట్ పెర్టర్బేషన్ చూసుకున్నావా?"

"చూసుకున్నా సార్."

"కొంగు ఎత్తి పట్టుకో, తొక్కి పడతావు" అని వెళ్ళిపోయారు.

మర్నాడు పరీక్ష హాలు బయట లోకల్ ఎర్రటి కళ్ళతో ఎదురొచ్చాడు. రాత్రంతా గుడి దగ్గరే ఉన్నాడట. మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపానికి తెల్లవారుజామున చెంప నరికాక, ఆ మట్టికోసం జనం ఎగబడతారు. వాడికి రేగుపండంత దొరికింది. కాగితంలోంచి తీసి సగం చిదిపి నాకిచ్చాడు. క్యాలిక్యులేటర్ డబ్బాలో వేసుకున్నాను. పేపర్లో డీజెనరేట్ పెర్టర్బేషన్ ప్రశ్నే రాలేదు. సారు అడిగింది మాత్రం అందుకే మరిచిపోలేదు. పాసయ్యాను, అత్తెసరు మార్కులతోనే అనుకోండి.

తలకోన ఫోటోలు ఎవరి దగ్గరా లేవు. లోకల్ వాళ్ళమ్మ మాత్రం జాతర ఫోటో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంది. దాన్నే మొన్న వాడు సెల్లుతో తీసి పంపాడు, కమిటీకి పంపుతున్నాను. వరసలో ఐదుగురు ఉంటారు. కింద పేర్లు వేసేటప్పుడు తికమకపడొద్దు, ఎడమ నుంచి రెండో ఆవిడను నేనే.